పక్క సీటు బ్రేకు

మా వీధిలో కారు నడపడం వచ్చినవాళ్లందరూ బ్రేకు మాస్టారి శిష్యులే. రానివాళ్లు కూడా ఆయన శిష్యులే, కాకపోతే వాళ్లు ఆయన నోటికి దడిసి మధ్యలో మానేశారు. జిరాక్సు షాపుకీ మంగలి షాపుకీ మధ్యన ఉన్న ఇరుకు గదే ఆయన పనిచేసే డ్రైవింగ్ స్కూలు. ఆయన నాకు తమ్ముడి వరస. ఏ వైపు నుంచి అని అడగకండి, మా రెండిళ్లకీ గోడ ఒకటే, ఆ వైపు నుంచి.

ఆ స్కూలు కారుకి ఒక ప్రత్యేకత ఉంది. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. శిష్యుడు బెదిరిపోయి స్టీరింగు వదిలేసి కళ్లు మూసుకున్నా, మాస్టారు తన వైపు నుంచి బండి ఆపేస్తాడు. ఏళ్ల తరబడి ఇదే పని చేసి చేసి ఆయన కుడికాలికి ఒక జబ్బు పట్టుకుంది. బస్సెక్కినా సరే, ముందు ఏదైనా అడ్డొస్తే చాలు, ఆ కాలు నేలని నొక్కేస్తుంది. ఒకసారి వాళ్లింట్లో భోంచేస్తుంటే పిల్లి అడ్డంగా పరిగెత్తింది. మాస్టారు బల్ల కింద బ్రేకు వేశాడు. వానాకాలం వస్తే నా కాలి చిటికెన వేలు ఇప్పటికీ ఆ సంగతి గుర్తుచేస్తుంది.

స్కూలు గోడకి ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. ‘మందు తాగి బండి నడిపితే’ అని పైన పెద్దక్షరాలు. మొదటిసారి దొరికితే ఏమవుతుంది, రెండోసారి దొరికితే ఎంత జైలు, లైసెన్సు ఎన్నాళ్లు పోతుంది, అన్నీ మాస్టారే ఎర్ర సిరాతో రాసి పెట్టాడు. చేరిన మొదటిరోజు శిష్యులు ఆ అట్ట ముందు నిలబడి ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాలి. తప్పుపోతే ఆ రోజు బండి ఎక్కనివ్వడు. బ్యాంకు మేనేజరునే రెండుసార్లు వెనక్కి పంపాడని చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారంటే, ఆయనే.

అంతమాత్రాన మాస్టారు మందు ముట్టడని కాదు. తాగుబోతు కాడు, ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెబుతాడు. ఎవరైనా పిలిస్తే వాళ్ల మనసు నొప్పించడం ఇష్టంలేక తాగుతాడు, అంతే. అంత సున్నితమైన మనిషి.

స్కూలు ఓనరు రెండో కారు కొన్న సంబరంలో ఒక ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి మేడమీద అందరికీ భోజనాలు పెట్టాడు. మాస్టారు, ఆయన భార్య వెళుతుంటే నేనూ బయల్దేరాను. ఓనరు మేడమీద హాలంతా పాలరాయి పరిపించాడని వీధిలో అనుకుంటున్నారు, అది నిజమో కాదో ఎవరో ఒకరు చూసి రావాలి కదా. పాలరాయి కాదు. మామూలు పలకలే.

మా మరదలు, అంటే మాస్టారి భార్య, లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రి దుప్పట్లు పగలంతా వేడి ఇస్త్రీ పెట్టెతో రుద్ది రుద్ది ఆమె భుజాలు పడిపోయాయి. లాండ్రీ ఆయన ఒక మాటన్నాడు. దుప్పట్లు చేరవేసే వ్యానుకి మనిషి కావాలి, నువ్వు లైసెన్సు తెచ్చుకో, ఆ సీటు నీదే అని. అప్పటినుంచి ఆదివారం ఆదివారం స్కూలు కారులో మొగుడి దగ్గరే నేర్చుకుంటోంది. నేర్చుకునేవాళ్లకిచ్చే కాగితం లైసెన్సు చేతికొచ్చింది. అసలు పరీక్ష వచ్చే నెల్లోనే.

మేడమీద మాస్టారు స్టీలు గ్లాసు పట్టుకుని తిరుగుతున్నాడు. మంచినీళ్లని అందరూ అనుకోవాలని ఆయన ఉద్దేశం.

“ఏం తమ్ముడూ, మంచినీళ్లకి మూతి వంకర్లు పోతోందేం?” అన్నాను.

“కొంచెం ఉప్పగా ఉన్నాయక్కయ్యా, బోరు నీళ్లు.”

“మూడో గ్లాసు కూడా బోరేనా?”

ఆయన గ్లాసు వెనక్కి దాచుకున్నాడు. నా ముక్కింకా పనిచేస్తోందని ఆయనకి తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు మేమొచ్చిన స్కూలు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తాళాలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

“నువ్వు నడుపు.”

“నేనా? మార్కెట్టు రోడ్డులో నేనెలా నడుపుతానండీ? ఇంతవరకూ మైదానం దాటలేదు.”

“మందు తాగినవాడు బండి నడపకూడదు. చట్టం. గోడమీద రాసింది ఎవరనుకున్నావు? నేను పక్కన ఉన్నాగా. ఎక్కు.”

ఆ క్షణంలో ఆయన మొహం చూడాలి. దేశంలో చట్టాన్ని గౌరవించే మనిషి తనొక్కడే మిగిలినట్టు వెలిగిపోతోంది. ముందూ వెనకా ఎల్ బోర్డులు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

దారి పొడుగునా ఒకటే సణుగుడు. క్లచ్చి తొక్కు, అంతొద్దు, వదులు, ఇప్పుడెందుకు వదిలావు. మరదలు చెమటలు కక్కుతూ నడుపుతోంది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర పడుతుండగా సందులోంచి ఒకడు సైకిలు వెనక గ్యాసు బండ కట్టుకుని అడ్డంగా వచ్చాడు. మరదలు స్టీరింగు బిగబట్టి కొయ్యబారిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే కారు ఆగి ఉంది. ఒక్క కుదుపు లేదు, ఇంజను కూడా ఆరలేదు. సైకిలువాడు మావైపు ఒకసారి విసుగ్గా చూసి తన దారిన వెళ్లాడు. తప్పు మాదే అయినట్టు.

ఆ వెనకే పోలీసులు నిలబడి ఉన్నారు. ఊదే మిషను పట్టుకుని ఎస్సై దగ్గరికొచ్చాడు. మరదలు ఊదింది. మిషను కిక్కురుమనలేదు. వెళ్లమనేవాడే. కానీ మాస్టారి కిటికీ అద్దం తెరిచి ఉంది, గాలి అటునుంచి ఇటు వీస్తోంది.

“ఎల్ బోర్డుంది. నేర్పేదెవరు?” అన్నాడు ఎస్సై.

“నేనే” అన్నాడు మాస్టారు, ఛాతీ విరుచుకుని.

“అయితే మీరూ ఊదండి.”

“నేనెందుకండీ ఊదడం? నేను ప్రయాణికుణ్ణి. నడిపేది ఆవిడ.”

“నేర్పేది నేనే అని ఇప్పుడేగా అన్నారు.”

“అది ఉద్యోగమండీ. ఇవాళ సెలవు.”

ఎస్సై వంగి మాస్టారి కాళ్లవైపు చూశాడు. “సెలవు రోజున ఈ బ్రేకూ క్లచ్చీ ఇంట్లో పెట్టి రావాల్సింది. చూడండి, మీరు ప్రయాణికుడైతే ఈవిడ నేర్పేవాళ్లు పక్కన లేకుండా బండి నడిపినట్టు. అప్పుడు కేసు ఈవిడ మీద, చేతిలో ఉన్న కాగితం పోతుంది. మీరు మాస్టారైతే బండి మీ అదుపులో ఉన్నట్టు. తాగి నడిపిన కేసు మీమీద, లైసెన్సు మీది పోతుంది. ఎవరో మీరే చెప్పండి. నాకేం తొందర లేదు.”

మాస్టారు భార్యవైపు చూశాడు, కాళ్ల దగ్గరి బ్రేకువైపు చూశాడు, అద్దంలోంచి నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను, చెవులు మాత్రం లోపలే పెట్టాను.

“ప్రయాణికుణ్ణే” అన్నాడు చివరికి.

మరదలు మెడ నెమ్మదిగా ఆయనవైపు తిరిగింది. తిట్టినా బాగుండేది.

ఎస్సై ఆయన చేతా ఊదించాడు. మిషను అరిచిన అరుపుకి కూడలిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. “ఇద్దరి పేర్లూ రాస్తున్నాను. ఎవరు ఎవరో కోర్టు తేలుస్తుంది” అని కారు అక్కడే పెట్టించుకున్నాడు. ఆయన ముందు, ఆమె వెనక, మధ్యలో నేను, నడుచుకుంటూ ఇంటికొచ్చాం.

మర్నాడు ఓనరు తన మేనల్లుడైన లాయర్ని వెంటబెట్టుకొచ్చాడు. స్కూలుకి మాస్టారి లైసెన్సే ఆధారం. అది పోతే నేర్పేవాడు లేడు, ఇంకొకణ్ణి తెచ్చుకుంటే మాస్టారికి ఆ గదిలో చోటు లేదు. ఆ మాట ఓనరు చాలా బాధపడుతూ చెప్పాడు. బాధపడుతూనే రెండు కప్పుల టీ తాగాడు.

“చాలా చిన్న విషయం మాస్టారూ” అన్నాడు లాయరు. “మీరు ప్రయాణికుడు. పైగా నిద్రపోతున్నారు.”

“నిద్రలోనే నన్ను దారి పొడుగునా తిట్టారా?” అంది మరదలు.

“అమ్మా, మీకు పడేది చిన్న జరిమానా. ఆ కాగితం పోతుంది, కొన్నాళ్లాగి మళ్లీ తెచ్చుకోవచ్చు.”

“వ్యాను సీటు కొన్నాళ్లు ఆగుతుందా?”

లాయరు గోడవైపు చూశాడు. మాస్టారు నేలవైపు చూశాడు. ఆ ఇంట్లో చూడటానికి ఇంక మిగిలింది నేనే.

“పెద్దమ్మగారూ, మీరు కారులో ఉన్నారని పోలీసులు రాసుకున్నారు” అన్నాడు లాయరు నాతో. “అడిగితే, ఏమీ చూడలేదని చెప్పండి చాలు.”

“నేను చూడలేదంటే ఈ వీధిలో ఎవరు నమ్ముతారు నాయనా?” అన్నాను.

ఆ రాత్రి నుంచి మరదలు మొగుడితో అవసరమైన మాటలే మాట్లాడింది. అవసరాలు కూడా బాగా తగ్గించుకుంది. గోడకవతల అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, నాకు నిద్ర పట్టక చచ్చాను. మూడో నాడు పెరట్లో బట్టలారేస్తుంటే అడిగాను.

“ఏం చేస్తావే?”

“ఏముంది వదినా, ఒప్పుకుంటాను. ఆయన ఉద్యోగం పోతే ఇద్దరం నా ఇస్త్రీ పెట్టెమీదే బతకాలి. ఆ మాట ఆయన నోటితో అడిగుంటే సంతోషంగానే ఒప్పుకునేదాన్ని. లాయరు చేత అడిగించారు.”

దుప్పటి దులిపిన దులుపుడికి తీగమీద కాకి లేచిపోయింది.

కోర్టు హాలు చిన్నది. బెంచీలనిండా మందు తాగి బండి నడిపినవాళ్లే. అందరూ తలకి నూనె రాసుకుని, పాపిడి తీసుకుని, ఇప్పుడే బడిలో చేర్పించడానికి తెచ్చిన పిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చున్నారు. విచారించగా తెలిసిందేమంటే అందులో ఒక్కరు కూడా మందు తాగలేదు. ఒకాయన తాగింది దగ్గుమందు. ఇంకొకాయన పంటినొప్పికి పుక్కిలించాడు, కొంచెం లోపలికి జారింది. మూడో ఆయన పక్కవాడు తాగుతుంటే గాలి పీల్చాడు. ఇంత మంది పుణ్యాత్ములు ఒకే బెంచీమీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మేజిస్ట్రేటు గారు ఆడమనిషి. జలుబు చేసినట్టుంది, రుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని అందరి కథలూ విని, అందరికీ జరిమానా వేసి పంపిస్తోంది. బండితో ఒకణ్ణి గుద్దినవాడికి మాత్రం జైలు రాసింది. ఆ మాట వినగానే హాల్లో దగ్గు కూడా ఆగిపోయింది.

మావాళ్ల వంతు వచ్చింది. ఎస్సై జరిగింది చెప్పాడు. లాయరు లేచి గౌను సర్దుకున్నాడు.

“నా క్లయింటు ఆ సమయంలో నిద్రలో ఉన్నారు. ఆయన వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. బండి పూర్తిగా ఈవిడ అదుపులోనే ఉంది. దానికి సాక్ష్యం, సైకిలు అడ్డొచ్చినప్పుడు ఈవిడ బ్రేకు వేసిన తీరు. ఎస్సైగారే చూశారు. ఒక్క కుదుపు లేదు. పాతికేళ్ల అనుభవం ఉన్న డ్రైవరు కూడా అంత మెత్తగా ఆపలేడు.”

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

“నిజమే, బాగా ఆపింది” అన్నాడు ఎస్సై, ఉన్నమాట చెప్పాలి కదా అన్నట్టు.

“అలాంటి బ్రేకు నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి” అన్నాడు లాయరు, ఊపు మీదున్నాడు మరి.

మాస్టారి కుడికాలు నేలమీద టకటకా కొట్టుకోవడం నాకు బెంచీ మీదికి వినిపించింది. మేజిస్ట్రేటు మరదలివైపు తిరిగింది.

“ఏమ్మా, ఆ బ్రేకు నువ్వే వేశావా?”

మరదలు మొగుడివైపు చూడలేదు. గొంతు సవరించుకుంది. “లాయరుగారు అంటున్నారు కదండీ. నేనే...”

“ఈవిడకి క్లచ్చే తెలీదండీ” అన్నాడు మాస్టారు.

హాలంతా ఆయనవైపు తిరిగింది. లాయరు ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన విదిలించుకున్నాడు.

“కొత్తవాళ్లు బ్రేకు ఒక్కటే తొక్కుతారండీ, క్లచ్చి మర్చిపోతారు. ఇంజను ఠక్కున ఆరిపోతుంది, బండి ఎగిరిపడుతుంది. ఆ రోజు ఇంజను ఆరిందా? ఎస్సైగారినే అడగండి. రెండూ కలిపి, ముందు సగం, తర్వాత పూర్తిగా తొక్కితేనే అలా ఆగుతుంది. పాతికేళ్లుగా తొక్కుతున్నాను. పుట్టుకతో వస్తుందట పుట్టుకతో. ఆ బ్రేకు నాదండీ.”

లాయరు ఫైలు మూసి తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

“అంటే మీరు నిద్రపోలేదు” అంది మేజిస్ట్రేటు.

మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది, తను ఏమన్నాడో. భార్యవైపు చూశాడు. ఆమె మొదటిసారి ఆయన్ని తిరిగి చూసింది.

“లేదండీ” అన్నాడు, ఈసారి చిన్నగా. “నేర్పేవాణ్ణి నేనే. బండి నా అదుపులోనే ఉంది. ఆవిడ తప్పేమీ లేదు.”

“మందు తాగి నడిపితే శిక్షేమిటో తెలుసా?”

అడగాలా. మాస్టారు చేతులు కట్టుకుని అట్టమీద ఉన్నదంతా మొదటి ముక్క నుంచి అప్పజెప్పాడు. జరిమానా ఎంత, జైలెంత, రెండూ కలిపి ఎప్పుడు వేస్తారు, లైసెన్సు సంగతేమిటి, రెండోసారి దొరికితే జైలు ఎన్ని నెలల నుంచి ఎన్నేళ్లకి పెరుగుతుంది, ఒక్క తప్పు లేదు.

“రెండోసారిది నేనడగలేదు” అంది మేజిస్ట్రేటు. రుమాలు వెనక ఆవిడ నవ్విందో తుమ్మిందో నాకు సరిగ్గా కనపడలేదు, అదొక్కటే నాకు ఇప్పటికీ వెలితి.

జరిమానా వేసింది. లైసెన్సు ఆరునెలలు పక్కన పెట్టింది. పైగా కొన్నాళ్లు అదే కూడలిలో నిలబడి ట్రాఫిక్కు పోలీసులకి సాయం చేయమంది. మరదలికి మాత్రం ఒక చీవాటు, అంతే. కాగితం ఆమె దగ్గరే ఉంది.

బయటికొచ్చాక మెట్లమీద మరదలు ఆగింది.

“నన్ను కాపాడటానికే చెప్పారనుకోనా?”

“మరి ఇంకెందుకనుకున్నావు?” అన్నాడు మాస్టారు.

“సరే, అలాగే అనుకుంటాను” అంది ఆమె. అప్పటికి అది చాలా పెద్ద మాట. తర్వాత వీధిలో ఆయన, భార్య కోసం ఉద్యోగం వదులుకున్న కథ ఇంటింటికీ చెప్పుకున్నాడు. అసలు సంగతి నేనెవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లకి తప్ప.

ఓనరు కొత్త మనిషిని తెచ్చుకున్నాడు. పోనీలే అని మాస్టార్ని గదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టి, అట్ట అప్పజెప్పించుకునే పని మాత్రం ఇచ్చాడు. ఆయన్ని మించి ఆ పాఠం చెప్పగలిగినవాడు ఇప్పుడెక్కడా లేడు కదా. సాయంత్రాలు కూడలిలో ‘మందు తాగి బండి నడపకండి’ అని రాసిన పలక పట్టుకుని నిలబడేవాడు. నేను గొడుగు వేసుకుని వెళ్లి చూసొచ్చాను, దారిలోనే కదా. శిష్యులు ఒక్కొక్కరే వచ్చి అద్దం దించి నమస్కారం పెడుతున్నారు. బ్యాంకు మేనేజరైతే కావాలనే మూడుసార్లు చుట్టూ తిరిగాడు. మాస్టారు పలక చంకలో పెట్టుకుని “ఆ ఇండికేటరు ఎందుకు పెట్టుకున్నావు, దండ వెయ్యడానికా?” అని అరిచాడు. తర్వాత ట్రాఫిక్కు కానిస్టేబులుకి చెయ్యి ఎలా చూపించాలో నేర్పడం మొదలుపెట్టాడు. గడువు అయిపోయిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆ కానిస్టేబులే.

మరదలు పరీక్షలో నెగ్గింది, మొదటిసారికే. వ్యాను సీటు ఆమెకే వచ్చింది. మొదటి రోజు హోటలుకి దుప్పట్లు చేరవేయడానికి బయల్దేరుతుంటే మాస్టారు పక్క సీటెక్కి కూర్చున్నాడు.

“మీరెందుకు?” అంది ఆమె.

“ఊరికే.”

నేను వెనక దుప్పటి మూటల మధ్య కూర్చున్నాను. నేనూ ఊరికే.

దారిలో ఆయన నోరు మెదపలేదు. పెదవులు కొరుక్కుంటున్నాడు, చేతులు మోకాళ్లమీద పెట్టి బిగించుకున్నాడు. కూడలి దగ్గరికి రాగానే ఒక కూరగాయల బండివాడు మొహమాటం లేకుండా అడ్డంగా తోసుకొచ్చాడు. మాస్టారి కాలు ధన్‌మని నేలని తొక్కింది. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఇంకేమీ లేదు. వ్యాను మాత్రం ఆగింది. ముందు సగం, తర్వాత పూర్తిగా. ఒక్క మూట కూడా జారలేదు, ఇంజను అలాగే గుర్రుమంటోంది.

ఆ ఎస్సైయే మిషను పట్టుకుని దగ్గరికొచ్చాడు. మరదలు ఊదింది. ఆయన కిటికీలోంచి తల పెట్టి మాస్టార్ని గుర్తుపట్టాడు.

“ఏం మాస్టారూ, ఇవాళ మీరెవరు?”

మాస్టారు తన కాలివైపు చూసుకున్నాడు. అది ఇంకా పట్టాని నొక్కే ఉంది. నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

“ప్రయాణికుణ్ణండీ” అన్నాడు.

ఎస్సై పొమ్మని చెయ్యూపాడు. మరదలు గేరు వేసి, మొగుడివైపు చూడకుండా అడిగింది.

“ఇంతకీ ఈ బ్రేకు ఎవరిదండీ?”

“ముందు రోడ్డు చూసి నడుపు” అన్నాడు మాస్టారు.